ఉప్పుమిట్ట దిగేవాళ్ళు

ఆలూరుకూ ఆదోనికీ మధ్య తిరిగే పల్లెవెలుగు బస్సులో నాగలత కండక్టరు. దారిలో పదిహేడు స్టేజీలు. పదహారింటి పేర్లను ఆమె వెనక సీటు దాకా వినబడేట్టు పిలుస్తుంది. సిద్దరకల్లు ఊరి మొదట్లో వచ్చే ఒక్క స్టేజీ దగ్గర మాత్రం గంట కొట్టి, "ఈడ దిగేవాళ్ళు రాండి" అని ఊరుకుంటుంది. ఆ రూట్లో డ్యూటీ పడి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ స్టేజీ పేరు ఆమె నోట రాలేదు.

డ్రైవరు ఇమాం బాషా ఈ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఏడాది దాకా అడగలేదు. ఒకనాడు ఆదోని బస్టాండులో టీ తాగుతూ అడిగితే నాగలత చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టి, "అట్లనా తల్లీ" అన్నాడు, అంతే. మరుసటి రోజు నుంచి ఆ స్టేజీకి చాలా ముందే బస్సు వేగం తగ్గించడం మొదలుపెట్టాడు. పేరు పిలవకపోయినా దిగేవాళ్ళకు తెలిసిపోవాలని.

అక్కడ రోడ్డు పక్కన ఒక షెల్టరు ఉంది. దాని నెత్తిన నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలు: "స్వాతంత్ర్య సమరయోధులు కీ.శే. మునసబు దేవేంద్రప్ప సర్కిల్." ఇరవై ఏళ్ళ కిందట దేవేంద్రప్ప మనవడు ధనుంజయ సొంతంగా కట్టించి పంచాయతీకి అప్పగించాడు. పంచాయతీ తీర్మానం చేసి డిపోకు పంపింది. అప్పటి నుంచి టికెట్టు మీద ఆ పేరే అచ్చవుతోంది.

ధనుంజయ చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు. ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరై, ఆలూరులో జూనియర్ కాలేజీ నడుపుతున్నాడు. బీద పిల్లల దగ్గర ఫీజు తీసుకోడు. నాగలత అన్న కొడుకు ప్రవీణ్ ఇంటర్ రెండేళ్ళూ అక్కడే చదివాడు, ఒక్క రూపాయి కట్టకుండా. ఆయన ఎదురుపడితే నాగలత కూడా చెయ్యెత్తి నమస్కారం పెడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడి తాతను తిట్టడం తేలిక. మంచివాడి తాత గురించి నోరు తెరవడం కష్టం.

ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు తీసేసిన కొత్తలో, సెప్టెంబరు నెల. సంతకు పోయేవాళ్ళూ ఆసుపత్రికి పోయేవాళ్ళూ, ఊరికే చెల్లెల్ని చూసొద్దామని బయల్దేరినవాళ్ళూ, బస్సంతా చీరలే. కారు రిపేరుకొచ్చిందని ధనుంజయ ఆరోజు బస్సెక్కాడు. ఎవరో లేచి ముందు సీటు ఇచ్చారు. అక్టోబరు రెండున సర్కిల్లో తాత విగ్రహం పెట్టబోతున్నాననీ, ఆదోనిలో పని పూర్తయిందనీ పక్కనున్నాయనకు చెబుతున్నాడు.

సిద్దరకల్లు దగ్గరపడింది. నాగలత గంట కొట్టింది. "ఈడ దిగేవాళ్ళు రాండి."

ధనుంజయ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఈడ అంటే యాడమ్మా? కొత్తోళ్ళు ఉండారు. పేరు చెప్పల్ల గదా."

"బోర్డు మింద ఉండాది సార్."

"చదువు రానోళ్ళు ఎట్ల చదువుతారు? నీ నోటితో చెప్పడానికి ఏమైంది?"

ఆయన వెటకారంగా అనలేదు. క్లాసులో పాఠం అప్పజెప్పమన్నట్టు మెత్తగానే అడిగాడు. ఇమాం బాషా అద్దంలో చూస్తున్నాడు. ఎప్పటిలాగే ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని నాగలత అనుకుంది. కానీ ఆ నిమిషాన చిన్నప్పటి నుంచీ విన్న పేరే నోటికొచ్చింది.

"ఉప్పుమిట్ట," అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మళ్ళీ ఇంకా గట్టిగా, అన్ని స్టేజీలనూ పిలిచినట్టే పిలిచింది. "ఉప్పుమిట్ట! ఉప్పుమిట్ట దిగేవాళ్ళు రాండి!"

మూలనున్న ఒక ముసలామె, "అయ్యో, ఆ పేరు విని ఎన్నేండ్లాయె," అంటూ సంచీ సర్దుకుని లేచింది. ధనుంజయ ముఖం ఎర్రబడింది. ఆ ముసలామె వెనకే దిగిపోయాడు.

*

ఉప్పుమిట్ట అనే మాట నాగలతకు వాళ్ళ అవ్వ సుంకమ్మ దగ్గర నుంచి వచ్చింది. నాగలత నాయనను కన్నతల్లి ఆమె. తొంభై ఏళ్ళు. సిద్దరకల్లులో నాగలత అన్న ఇంట్లో ఉంటుంది. నడుం వంగింది గానీ మాట వంగలేదు.

రైళ్ళు రాకముందు ఆ మిట్ట మీద ఎరుకలవాళ్ళ గుడారాలు ఉండేవి. గాడిదల మీద సముద్రం దిక్కు నుంచి ఉప్పు మోసుకొచ్చి అక్కడ దించేవాళ్ళు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ళకు ఆ ఉప్పే. తర్వాత రైలొచ్చింది, ఉప్పు మోసే పని పోయింది. పని పోయిన వాళ్ళందరి మీదా దొరల ప్రభుత్వం దొంగల కులమని ముద్ర వేసింది. దానికో చట్టం చేసింది. ఈడొచ్చిన ప్రతి ఎరుకల మనిషీ రాత్రి రెండుసార్లు మునసబు చావడికి వచ్చి, పేరు పిలిస్తే పలకాలి. పలకకపోతే గైరుహాజరు. గైరుహాజరైతే జైలు.

సిద్దరకల్లుకు దేవేంద్రప్ప మునసబు. తన చేలో ఊరికే కలుపు తీయడానికీ కోత కోయడానికీ రానివాళ్ళు కళ్ళెదుట నిలబడి పలికినా, పుస్తకంలో గైరుహాజరని రాసేవాడు. సుంకమ్మకు ఏడేళ్ళప్పుడు, పీర్ల పండుగ కడపటి రోజున, ఆమె తల్లి ఓబులక్కకు మగబిడ్డ పుట్టాడు. ఆ రాత్రి ఓబులక్క లేవలేకపోయింది. తండ్రి పెద్ద ఈరన్న ఒక్కడే చావడికి పోయి, కాన్పయిందని చేతులు జోడించి చెప్పుకున్నాడు. దేవేంద్రప్ప విన్నాడు. విని, గైరుహాజరు రాశాడు. పొద్దున్నే పోలీసులొచ్చి పచ్చి బాలింతను బిడ్డతో సహా నడిపించుకుపోయారు. పదకొండో రోజున జైల్లో ఆ బిడ్డ పోయాడు.

ఇంకో రెండేళ్ళకు ఎవరో అధికారి వచ్చి దేవేంద్రప్పను మునసబు పని నుంచి తీసేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక, ఆయన కాంగ్రెసు పక్షాన నిలబడినందుకే దొరలు తీసేశారని ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాటే నిలబడింది. చివరికి బోర్డెక్కింది.

"నా తమ్మునికి పేరు గూడా పెట్టలేదు," అని మాత్రం సుంకమ్మ అప్పుడప్పుడూ అనేది. "పేరు పెట్టని బిడ్డకు ఏ బోర్డూ లేదు."

*

నాలుగో రోజున నాగలతకు మెమో వచ్చింది. స్టేజీ పేరును అధికారికంగా ప్రకటించకుండా, లేని పేరు పిలిచి ప్రయాణికులను అయోమయపెట్టినందుకు, గౌరవనీయులైన పెద్దలతో అమర్యాదగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వాలి.

డిపో మేనేజరు సుచరితకు నలభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు తను కూడా కండక్టరుగానే చేరి పరీక్షలు రాసి పైకొచ్చింది. నాగలతను కూర్చోమంది.

"ఏంది నాగలతా ఇది? ఎన్నడూ నీ మీద ఒక్క కంప్లైంటు లేదు."

నాగలత అంతా చెప్పింది. సుచరిత పెన్ను తిప్పుతూ విన్నది. మధ్యలో ఒకసారి ఫోను మోగితే కట్ చేసింది.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ నా దగ్గరున్నది పంచాయతీ తీర్మానం. దాని మీదున్న పేరే నేను పిలవమనాలి. మార్చుకోవాలంటే మీ పంచాయతీలో మార్చుకో. అందాకా బోర్డు పేరు పిలువు. ఒక్క మాటే కదా?"

"ఒక్క మాటే మేడం. మీరు మిషన్లో అచ్చేయండి, నేను చించి ఇస్తా. నా నోటితో మాత్రం రాదు."

"సస్పెండ్ చేయాల్సి వస్తే?"

"చేయండి మేడం. సంజాయిషీలో కూడా ఇదే రాస్తా."

రాసింది కూడా. బయటికొచ్చింది. ఇమాం బాషా బస్సు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నాకింకా ఏడు నెలల సర్వీసుండాది లతమ్మా," అన్నాడు. "ఇన్నేండ్లు ఎవురి జోలికీ పోకుండా బండి తోలినా. నీ జోడు డ్రైవర్ని గాబట్టి నన్ను గూడా అడిగినారు, ఆయమ్మ ఏం పిలిచిందని."

"ఏం చెప్పినావు అన్నా?"

"ఉప్పుమిట్ట అని పిలిచింది, దిగేవాళ్ళు దిగినారు, ఎవురూ తప్పిపోలేదు అని చెప్పినా."

*

అక్టోబరు రెండున విగ్రహం పెట్టడానికి ముందు గ్రామసభ ఉంది. పేరు మార్చమని అర్జీ ఇద్దామని నాగలత ఆదివారం పుట్టింటికి పోయింది. సంతకాలు చేయడానికి అందరికంటే ముందు తన వాళ్ళే వస్తారనుకుంది. ప్రవీణే అడ్డం తిరిగాడు. డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నాడు.

"వద్దు అత్తా. ఇప్పుడు అడ్రసు కాడ దేవేంద్రప్ప సర్కిల్ అని రాస్తాండాం. ఎవురూ ఏమీ అడగరు. ఉప్పుమిట్ట అని రాస్తే అదేంది అంటారు. చెప్తే ఓహో ఎరుకలోళ్ళా అంటారు. పోలీసోళ్ళు ఇప్పటికీ యాడైనా దొంగతనమైతే ముందు మన వీధికే వస్తారు గదా."

"అందుకని వాని పేరు కింద దాంకోవల్లనా?"

"దాంకోవడం గాదు అత్తా. బతుకుతాండాం. ఆ సారు నాకు సీటిచ్చినాడు. ఆయన ముఖం చూసి నేను ఎట్ల చెయ్యెత్తేది?"

నాగలతకు కోపమొచ్చింది గానీ, వాడు అన్న దాంట్లో అబద్ధం లేదు. వీధిలో ఇంకో పదిమంది అదే మాట అన్నారు. ఒకాయన, "మునసబు బడికి స్థలమిచ్చినాడమ్మా, అది గూడా నిజమే," అన్నాడు. సాయంత్రానికి ఇరవై రెండు సంతకాలే అయ్యాయి.

సుంకమ్మ గోడకానుకుని అంతా వింటోంది. "నన్ను సభకు తోల్కపో," అంది. "నాకు గద్దె అక్కర్లేదు. వినబడేంత దూరంలో కూర్చోబెట్టు సాలు."

*

గ్రామసభ బడి ఆవరణలో జరిగింది. గాంధీ పటానికి దండ వేశారు. సర్పంచు సుప్రజ మొదటిసారి గెలిచిన మనిషి, ముప్పై దాటలేదు. కాగితాలు చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. నూటా యాభై మంది దాకా వచ్చారు. డ్యూటీ లేని రోజు గనుక ఇమాం బాషా కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

సుప్రజ అర్జీ చదివింది. ధనుంజయ లేచాడు. చేతిలో ఎర్రగుడ్డ చుట్టిన లావుపాటి పుస్తకం ఉంది.

"ఆ చట్టం మా తాత రాయలేదు," అన్నాడు. "దొరలు రాసినారు. అది పాడు చట్టమే, నేను కాదనను. ఆయన గవర్నమెంటు చెప్పిన హాజరు తీసుకున్నాడు, అంతే. తీసుకోకపోతే ఇంకొకడు తీసుకునేవాడు. ఇదిగో, ఇదే ఆ పుస్తకం. ఎనభై ఏళ్ళుగా మా ఇంట్లో భద్రంగా దాచినాం. తప్పు చేసినవాడైతే దీన్ని కాల్చేసి ఉండడా? ఈ ఊరికి బాయి తవ్వించినాడు. మనం కూర్చున్న ఈ బడి స్థలం ఆయన ఇచ్చిందే. మనిషిని ఒక్క దానితోనే తూస్తారా?"

చాలామంది తలలూపారు. నాగలత దగ్గర ఏ పుస్తకమూ లేదు, ఏ కాగితమూ లేదు.

"చదువప్పా," అంది సుంకమ్మ.

ఎవరిదా గొంతని అందరూ తిరిగి చూశారు. ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది.

"ఏంది అవ్వా?"

"పుస్తకం తెచ్చినావు గదా. చదువు. మా పేర్లు ఇందాం."

ధనుంజయ కాస్త తటపటాయించి గుడ్డ విప్పాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఆయన ఎంతోమందికి చూపించిన పుస్తకమే అది. మొదటి పేజీ తీశాడు. "ఒకటి. ఈరిగాడు."

"పెద్ద ఈరన్న," అంది సుంకమ్మ. "మా నాయన."

"రెండు. ఓబిలి."

"ఓబులక్క. మా అమ్మ."

"మూడు. సుంకిగాడు."

"సుంకన్న. మా పెదనాయన. నాలుగోది నేను చెప్తా, సూడు. గిడ్డయ్య. మీ తాత గిడ్డిగాడని రాసింటాడు."

ధనుంజయ పుస్తకంలోకి చూశాడు. అలాగే ఉంది. సుంకమ్మ ఆపలేదు. ప్రతి రాత్రీ తల్లి కొంగు పట్టుకుని చావడిలో నిలబడి విన్న వరస అది. ఆ పిల్ల నిద్రమత్తులో విన్న పేర్లు ఎనభై ఏళ్ళు దాటినా చెదరలేదు. ఆయన చదవడం, ఆమె దిద్దడం. లచ్చిగాడు కాదు, లచ్చన్న. పుల్లి కాదు, పుల్లమ్మ. ఎవరూ దగ్గలేదు, ఎవరూ లేచి పోలేదు. సర్పంచు సుప్రజ చేతిలో కాగితాలు ఒళ్ళోకి జారిపోయాయి.

పదహారో పేరు దగ్గర ధనుంజయ గొంతు తడబడింది. "పదహారు. లింగి..." అని ఆగాడు. సుంకమ్మ అనేలోగా తనే, "లింగక్క," అన్నాడు.

"ఆఁ," అంది సుంకమ్మ. "ఇంగ పీర్ల పండగ దినం తీ. కడపటి దినం."

ఆయన పేజీలు తిప్పాడు. దేవేంద్రప్ప శ్రద్ధగల మనిషి, పండుగలు కూడా పైన రాసుకునేవాడు. 'మొహర్రం' అని రాసి ఉన్న పేజీ దొరికింది. ధనుంజయ చదవలేదు. నిలబడి చూస్తున్నాడంతే. నాగలత లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడి, వేలు పెట్టి తనే చదివింది. "రెండు. ఓబిలి. గైరుహాజరు. కాన్పు అని భర్త నెపం చెప్పినాడు. ఠాణాకు తెలియపరచడమైనది."

"నెపం," అంది సుంకమ్మ. "నా తమ్ముడు నెపం."

అప్పుడు ప్రవీణ్ కదిలాడు. గోడ దగ్గర నుంచి వచ్చి, "నేనొకసారి చూస్తా సార్," అని పుస్తకం అందుకున్నాడు. ధనుంజయ ఇచ్చేశాడు. ప్రవీణ్ అటూ ఇటూ తిప్పుతూ చివరి పేజీకి పోయాడు. అక్కడ ఎర్ర సిరాతో ఇంగ్లీషులో ఏడెనిమిది వరసలున్నాయి, కింద సంతకం. వాడు లోపల్లోపల చదువుకుని, తలెత్తి అందరికీ తెలుగులో చెప్పాడు.

"తనిఖీ చేసినాను. ఎదురుగా ఉన్నవాళ్ళకు కూడా మునసబు గైరుహాజరు వేసినాడు. వాళ్ళతో తన పొలంలో కూలి లేకుండా పని చేయించుకున్నాడు. ఈ పదవికి తగడు. ఈ రోజుతో తీసేస్తున్నాను." గుక్క తిప్పుకుని మళ్ళీ అన్నాడు. "కాంగ్రెసు మాట యాడా లేదు. స్వాతంత్ర్యం మాట యాడా లేదు."

వెనక నుంచి ఇమాం బాషా మెల్లగానే అన్నాడు. కానీ అందరికీ వినబడింది. "సార్, మీరు ఇంగ్లీషు సారే గదా?"

ధనుంజయ ప్రవీణ్ చేతిలోంచి పుస్తకం తీసుకుని గుడ్డ చుట్టబోయాడు, ముడి పడలేదు. అలాగే చంకలో పెట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ ఒకసారి ఆగి, వెళ్ళిపోయాడు.

*

అయితే అంతటితో గెలుపు దక్కిందనుకుంటే పొరపాటు. సుప్రజ చేతులెత్తమంది. పేరు మార్చాలని యాభై ఎనిమిది, వద్దని అరవై ఒకటి. మిగిలినవాళ్ళు నేలచూపులు చూశారు. వద్దన్నవాళ్ళలో సగం మంది పిల్లలు ధనుంజయ కాలేజీలోనే చదువుతున్నారు. ప్రవీణ్ చెయ్యి మాత్రం మార్చాలన్న వైపే లేచింది.

"శానామంది చెయ్యే ఎత్తలేదు. ఇయ్యాలకు వాయిదా," అంది సుప్రజ. "జనవరి ఇరవై ఆరు సభలో మళ్ళా పెడతా. అందాకా విగ్రహం కూడా లేదు." ఆ రెండో మాట ఆమె ఎవరినీ అడగకుండా అంది. అని, తనే కాస్త బెదిరినట్టు చూసి, అయినా రిజిస్టరులో రాసేసింది.

డిపోలో నాగలతకు సస్పెన్షన్ పడలేదు. ఇకపై అధికారిక పేర్లే పిలుస్తానని హామీపత్రం రాసిమ్మన్నారు. ఆమె రాయలేదు. రెండోసారి అడిగారు, రాయలేదు. సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఎక్కింది. మళ్ళీ ఆ రూట్లోనే బస్సెక్కి మళ్ళీ అదే పేరు పిలిచింది.

మొదట్లో కొందరు నవ్వారు. ఒకడు తాగొచ్చి, "ఏమ్మా, ఉప్పేనా, పప్పు ల్యాదా?" అన్నాడు. "పప్పు ఆదోనిలో దొరుకుతాది, కూర్చో," అంది నాగలత. ఇంకొకాయన, సర్కిల్ అని పిలిచేదాకా దిగనని మొండికేసి తర్వాతి ఊళ్ళో దిగి ఎండలో వెనక్కి నడిచాడు. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. పేరు కోసం మైలు నడిచే మనిషంటే ఆమెకు లోలోపల కాస్త మర్యాదే కలిగింది.

కానీ సంతకు పోయే ఆడవాళ్ళు మాత్రం ఆ పేరును పట్టుకున్నారు. వాళ్ళల్లో ఎరుకలవాళ్ళు కొందరే. మిగిలినవాళ్ళకు అవ్వ సభలో పేర్లు చెప్పిన సంగతి నోటి మాటగా చేరింది. బస్సెక్కుతూనే, "ఉప్పుమిట్ట ఒకటి ఇయ్యమ్మా," అనేవాళ్ళు. డిసెంబరులో వాళ్ళే ఒక అర్జీ రాయించి, నూటా తొంభై సంతకాలతో సుచరిత టేబులు మీద పెట్టి వచ్చారు. రాయించింది ఎవరని అడిగితే ఇమాం బాషా మీసం దువ్వుకున్నాడు.

సుచరిత పై ఆఫీసుకు రాసి, పదిసార్లు ఫోను చేసి, చివరికి ఒక దారి పట్టింది. జనవరి మొదటి వారంలో నాగలతను పిలిచి కొత్త మిషన్ చేతికిచ్చింది. "ఒక టికెట్టు కొట్టి చూడు."

'దేవేంద్రప్ప సర్కిల్ – ఉప్పుమిట్ట' అని అచ్చయింది.

"ఇంతకంటే నా చేతిలో లేదు," అంది సుచరిత. "ఆయన పేరు ఉంటుంది, మీ పేరు ఉంటుంది. ఇక నీకు హెచ్చరికలు ఉండవు."

నాగలతకు కళ్ళు తడిశాయి. మేనేజరుకు రెండు చేతులా దండం పెట్టింది. ఆ టికెట్టును మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుని, ఆ రోజంతా మధ్యమధ్యలో తీసి చూసుకుంది. సాయంత్రం డ్యూటీ దిగగానే నేరుగా సిద్దరకల్లు పోయింది.

సుంకమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ప్రవీణ్ టికెట్టు తీసుకుని చదివి వినిపించాడు. అవ్వ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

"వాని పేరు ముందుండాదా?"

"ముందే ఉండాది అవ్వా. మన పేరు గూడా ఉండాది గదా."

సుంకమ్మ ఆ కాగితం ముక్కను వేళ్ళ మధ్య తడిమి చూసింది. తర్వాత నాగలత చేతిలో పెట్టేసింది.

"మా అమ్మ దినామూ వాని ముందర నిలబడె. మల్లా వాని పక్కనే నిలబెడ్తాండావా? నాకొద్దు."

నాగలత పొద్దున్నుంచీ జేబులో మోసిన సంతోషం అంతా ఒక్క మాటతో ఖాళీ అయింది. ముందు నొచ్చుకుంది. ఇంత దూరం రావడానికి తను పడ్డ పాటు అవ్వకు కనబడలేదే అనుకుంది. సుచరిత మేడం పదిసార్లు ఫోను చేసిందని చెప్పబోయి, చెప్పలేదు. అవ్వ అడిగింది దయ కాదు. తనే ఆ పొద్దున డిపోలో దయతో సరిపెట్టుకుంది. ఆ మాట తట్టేసరికి నొప్పి పోయి, సిగ్గేసింది. సిగ్గు పోయి, నవ్వొచ్చింది.

"సరే అవ్వా. మిషన్ రెండు పేర్లు కొట్టుకోనీ. నా నోట్లో ఒకటే ఉండాది. జనవరి ఇరవై ఆరుకు మల్లా పోదాం. మూడు చేతులు తక్కువైనాయి, అంతే గదా."

"నాలుగు," అన్నాడు ప్రవీణ్. "మూడైతే సమానమవుతాం. సర్పంచమ్మ మల్లా వాయిదా అంటాది."

వాడే లోపలికి పోయి తెల్ల కాగితాలు, పెన్ను తెచ్చుకున్నాడు. గడప మీద కూర్చుని, కాలేజీలో నేర్చుకున్న పద్ధతిలో పైన తేదీ వేసి, ఊరి పేరు వేసి, గబగబా రాశాడు. ఈసారి అడ్రసు దగ్గర ఉప్పుమిట్ట అనే రాశాడు. రాసి చదివాడు.

"గౌరవనీయులైన సర్పంచు గారికి. మా ఊరి బస్సు స్టేజీకి ఉన్న పేరు తీసివేసి, ఉప్పుమిట్ట అను పాత పేరు మాత్రమే ఉంచవలసినదిగా ప్రార్థిస్తున్నాము."

"ఏం చేస్తాండాం?" అంది సుంకమ్మ.

"ప్రార్థిస్తున్నాము అవ్వా. అర్జీల్లో అట్లనే రాస్తారు."

"చావడి కాడ శానా ప్రార్థించినాం. అది కొట్టెయ్యి." ముసలామె కర్రతో నేల మీద ఒక్కటి తట్టింది. "చెప్తాండాం అని రాయి."